కొత్త టర్న్‌టేబుల్‌లో వినిపిస్తున్న హోరు గురించి

అడయారు మిత్రులకు నమస్కారం. కొత్త టర్న్‌టేబుల్‌ను (గ్రామఫోను రికార్డులు తిప్పి వినిపించే యంత్రాన్ని) ఆంప్లిఫైయర్‌కు కలిపినప్పటి నుంచి పాట వెనుక గుయ్‌మని హోరు వినబడుతోందని, సీడీ పెడితే మాత్రం అది ఉండడం లేదని రాశారు. ఆ రెండో మాటే అసలు ఆధారం. మీ స్పీకర్లను అనుమానించనక్కరలేదు. టర్న్‌టేబుల్ సూది కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చే సంకేతం సుమారు 5 మిల్లీవోల్టులే కాబట్టి ఆంప్లిఫైయర్‌లో ఆ సంకేతాన్ని అందుకునే ఫోనో విభాగం దానిని దాదాపు 100 రెట్లు పెంచుతుంది; రికార్డు చేసేటప్పుడు తగ్గించిన మంద్రస్వరాలను ఇంకా ఎక్కువ పెంచుతుంది కనుక, ఇంటి కరెంటు నుంచి చొరబడిన 50 హెర్ట్‌జ్ హోరు కూడా దానితో పాటే పెద్దదవుతుంది.

ఎరుపు, తెలుపు తీగల పక్కన వేలాడే సన్నని మూడో తీగను ఆంప్లిఫైయర్ వెనుక గ్రౌండ్ అని రాసి ఉన్న స్క్రూకు బిగించారా? మైలాపూరులోని మా ఇంట్లో బిగించినా హోరు పోలేదు; విప్పి చూస్తే సముద్రపు గాలికి తీగ చివరి రాగి కొక్కెం పచ్చగా చిలుము పట్టి ఉంది. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది గట్టిగా బిగించగానే నిశ్శబ్దమైంది.

అప్పటికీ తగ్గకపోతే, ఆంప్లిఫైయర్‌కు కలిపిన సెట్‌టాప్ బాక్సు కేబుల్‌ను ఒకసారి తీసి వినండి. ప్లగ్గులోని ఎర్త్ పిన్నును మాత్రం, ఎవరు చెప్పినా, దయచేసి తీసివేయకండి; అది ప్రాణరక్షణకు ఉన్నది. తీగ తెగి ఉంటే చెన్నైలోని ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో కొత్తది సులువుగా దొరుకుతుంది.