నోరు విప్పని పిల్లకు మైకు ఎందుకు?

అమ్మా,

నోరు విప్పని పిల్ల కథగా నువ్వు రాసిన సినిమా స్క్రిప్టు చదివాను. తాతగారి మందుల డబ్బాల సీను బాగుంది. చూపు మందగించిన ఆయన పొద్దుటి మాత్ర రాత్రి వేసుకుంటున్నాడని ఇంటిల్లిపాదిలో ఆ పిల్ల ఒక్కతే కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టే చోట కాసేపు పేజీ తిప్పలేకపోయాను. తర్వాత క్లైమాక్స్‌కు వచ్చాను. అక్క నిశ్చితార్థంలో అదే పిల్ల మైకు అందుకుని మూడు పేజీలు మాట్లాడింది. బంధువులు చప్పట్లు కొట్టారు, తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అంతర్ముఖురాలైన అమ్మాయిని గౌరవించే కుటుంబ కథ అని మొదటి పేజీలో రాసుకున్నావు. గౌరవం ఉంటే ఆమెను ఎందుకు మార్చావు? సినిమా పొడుగునా ఆమె మౌనాన్ని చూపించి, గలగలా మాట్లాడిన తర్వాతే చప్పట్లు కొట్టించావు. 'ఈ పిల్లకు నోట్లో నాలుక లేదు, రేపు ఎలా బతుకుతుందో' అని అత్తయ్య మొదట్లో అన్న మాటకు చివర్లో నువ్వే సంతకం పెట్టావు.

2006లో 'బొమ్మరిల్లు' వచ్చిన దగ్గరనుంచి మన కథల్లో ఈ జబ్బు ముదిరింది. ఆ సినిమాను నేను తప్పుపట్టను. అందులో కథానాయకుడు సిద్ధుకు నోరు పెగలనిది తండ్రి ఎదుట మాత్రమే. బార్‌లో కూర్చుని లోకంలోని తండ్రులందరినీ తిట్టిపోయగల మనిషి అతను. భయంతో అణచిపెట్టుకున్న మాట చివరికి తండ్రి ముందే బద్దలవడం న్యాయం. అది చూసిన మన నిర్మాతలు మాత్రం, మాట్లాడని ప్రతి పాత్రా కడుపులో ఒక ఉపన్యాసం దాచుకుని తిరుగుతుందని తీర్మానించుకున్నారు. నీ పిల్లకు ఇంట్లో ఎవరన్నా భయం లేదు. ఆమె స్వభావం అంతే. భయపడి ఊరుకునేవాళ్ళకూ, ఊరుకోవడంలోనే హాయిగా ఉండేవాళ్ళకూ ఒకే ముగింపు రాయడం రచయిత చేసే అన్యాయం. ఈ మాట నేను ఎన్ని కథా చర్చల్లో గొంతు చించుకుని చెప్పానో!

'మాట్లాడని పాత్రను జనం చూడరు' అంటారు. 1980లో 'శంకరాభరణం' ఎలా చూశారు? మంజుభార్గవి వేసిన తులసికి ఉన్న మాటలు ఎంత తక్కువ! ఆమె గురుభక్తి అంతా చూపులో, నిలబడే తీరులో, దూరం పాటించడంలో తెలుస్తుంది. ఆ సినిమాకు మాటలు రాసినది జంధ్యాల. తర్వాత 'అహ నా పెళ్ళంట' లాంటి సినిమాల్లో మాటల జడివాన కురిపించిన మనిషి. అంతటి వాడు తులసి దగ్గర కలం ఆపుకున్నాడు. మాటలు రాయడం వచ్చినవాడికే ఎక్కడ రాయకూడదో తెలుస్తుందని నా గట్టి నమ్మకం. ఇక 2013 సంక్రాంతికి వచ్చిన 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో వెంకటేశ్ వేసిన పెద్దోడు ముక్తసరిగా మాట్లాడే, ముభావంగా ఉండే మనిషే. కుటుంబాలకు కుటుంబాలు వెళ్ళి చూశాయి.

పిల్లలతో కలిసి చూసే సినిమాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జపాన్ యానిమేషన్ దర్శకుడు మియజాకి 1988లో తీసిన 'మై నైబర్ టొటొరో'. అందులో కాంటా అనే పల్లెటూరి కుర్రాడు ఉంటాడు. వానలో చిక్కుకున్న అక్కాచెల్లెళ్ళ చేతిలో తన గొడుగు పెట్టి, ఒక్క మాటైనా అనకుండా తడుస్తూ పరుగెత్తుతాడు. ఇంటి దగ్గర తల్లి తిడితే గొడుగు మరిచిపోయానంటాడు. ఆ అమ్మాయి గొడుగు తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు ఎదుటికి రాడు, లోపల బొమ్మ విమానంతో ఆడుకుంటూ మురిసిపోతాడు. వాడు సిగ్గు వదిలించుకోవాలని సినిమా ఎక్కడా కోరదు. 2022లో వచ్చిన ఐరిష్ చిత్రం 'ద క్వయట్ గర్ల్' కూడా చూడు. వేసవికి బంధువుల ఇంటికి పంపిన పిల్ల కాయిట్. ఆ ఇంటాయన ఒక రోజు ఆమెను గట్టిగా కసురుతాడు. తర్వాత ఆమె దగ్గర నుంచి నడిచి వెళ్తూ బల్ల మీద ఒక బిస్కెట్టు పెట్టి పోతాడు. క్షమాపణ అంతే. ఆ పిల్లను అర్థం చేసుకోవడానికి పెద్దవాళ్ళు ఆమె పద్ధతిలోకి వచ్చారు చూశావా, అదీ గౌరవించడమంటే.

నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక వారపత్రికకు కథ పంపాను. ఆస్తి పంపకాల రోజు అన్న కాగితాల మీద సంతకం చేసి, మాట్లాడకుండా వెళ్ళి తమ్ముడి సైకిలుకు గాలి కొట్టి పెడతాడు. కథ అక్కడితో ఆపాను. అచ్చులో చూస్తే అన్న అన్నదమ్ముల అనుబంధం మీద ఒక పేరా మాట్లాడుతున్నాడు. ఎడిటరుగారు నాకు చెప్పకుండానే రాసేశారు. ఊళ్ళో అందరూ ఆ పేరానే మెచ్చుకున్నారు. ఆయన ఇప్పుడు లేరు, నా కోపం మాత్రం ఉంది. తర్వాత టీవీ సీరియల్‌కు మాటలు రాస్తుంటే, కోడలు ఊరికే చూస్తే ప్రేక్షకులకు తెలియదు, మనసులో మాట వినిపించాలి అన్నారు. కన్నీళ్ళు కారుతున్న మొహం మీద 'నాకు ఎంత బాధగా ఉందో' అని గొంతు వినిపించడం! ఆ పని మానేసి, ఇంటి అద్దె కోసం ప్రూఫులు దిద్దుకున్నాను. నీ స్క్రిప్టులో కూడా ఆ లోగొంతు చాలాచోట్ల ఉంది. అన్నీ కొట్టెయ్యి.

ఆ మందుల డబ్బా మళ్ళీ ఎక్కడా రాకపోవడం నాకు మింగుడుపడలేదు. నీ క్లైమాక్స్ అందులోనే ఉంది. నిశ్చితార్థం హడావిడిలో తాతగారికి నలతగా ఉంటే మందు కోసం తండ్రి గదిలోకి వెళ్ళనీ. ఆ అక్షరాలు చూడనీ. పాల లెక్క ఆమె క్యాలెండరు మీద రాస్తుందని తొమ్మిదో సీనులో చూపించావు కనుక ఆయన ఆ రాత గుర్తుపడతాడు. హాల్లోకి వచ్చేసరికి అత్తయ్య ఆ పిల్ల చేతిలో మైకు కుక్కుతూ ఉంటుంది. 'దాన్ని కూర్చోనివ్వు అక్కా' అంటాడు. ఆ ఒక్క మాట చాలు, అది కూడా తండ్రిది. ఇన్నేళ్ళు చూడనిది ఆయనే కదా, మారవలసిందీ ఆయనే.

మానసిక వైద్యుడి సీను తీసెయ్యి. ఆమెను 'మామూలు మనిషిని' చేసే ఆ కుర్రవాడు కూడా వద్దు. ఏ నిర్మాతను కలవాలి, కథ ఎంతసేపు చెప్పాలి అని నువ్వు అడిగిన ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయను. అత్తయ్య డైలాగులు చప్పగా ఉన్నాయి. ఈ కథలో మాటలు ఆమెవే కనుక పదును అక్కడ కావాలి. ముందు ఆమె ఉన్న సీన్లు తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు