బ్లాకులా, కోడ్ రాయడమా?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, గీతను గుర్తించే రెండు ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్లతో నల్ల గీత వెంట నడిచే రోబో చేస్తున్నాడు. తెరమీద ముక్కలు జోడించి ప్రోగ్రామ్ చేసే బ్లాకులు సరిపోతాయా, కోడ్ రాసే సి++ భాష నేర్పించాలా?

జవాబు: రెండు సెన్సర్లకు బ్లాకులు చాలండి. ఎంబ్లాక్ అనే బ్లాకుల సాఫ్ట్‌వేర్‌లో, ప్రోగ్రామ్‌ను బోర్డులోకి ఎక్కించే అప్‌లోడ్ మోడ్ పెడితే బ్లాకుల పక్కనే కోడ్ కనిపిస్తుంది, దాన్ని రోజూ చదివించండి. లైవ్ మోడ్‌లో ప్రోగ్రామ్ కంప్యూటర్‌లోనే నడుస్తుంది కాబట్టి, యూఎస్‌బీ తీగ తీయగానే బండికి ఆదేశాలు ఆగిపోతాయి, గీత వెంట నడవదు. పాపం, తప్పు బ్యాటరీదనుకుని దాన్ని మారుస్తూ కూర్చుంటారు.

మలుపులో గీత దాటిపోతుంటే ముందు ‘వెయిట్’ బ్లాకు చూడండి. 0.5 సెకను ఆగమంటే అంతసేపూ సెన్సర్లను చదవదు, మోటార్లు తిరుగుతూనే ఉంటాయి. సి++లో ఆగమని చెప్పే ‘డిలే’కీ ఇదే జబ్బు. భాష మారిస్తే పోదు.

ఐదు సెన్సర్లు పెట్టి, గీత నుంచి ఎంత పక్కకు జరిగిందో దాన్నిబట్టి మోటార్ల వేగం లెక్కగట్టే రోజున సి++కి మారాలి. బ్లాకుల్లో తెరంతా పరుచుకునే ఆ లెక్క కోడ్‌లో రెండు మూడు వరుసలే. కొత్తలో షరతు రాసే ‘ఇఫ్’లో రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెడతారు. పోల్చాల్సింది 1తో అయితే షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది, అయినా తప్పు చూపకుండా కోడ్ కంపైల్ అయిపోతుంది (బోర్డుకు అర్థమయ్యే రూపంలోకి మారిపోతుంది), రోబో ఒకే వైపు తిరుగుతుంది.