రాజీకి కూర్చునే ముందు

నాయనా శివా,

ఊర్లో రెండు వర్గాలకూ రాజీ చేయాలని రాశావు. సంతోషం. అయితే నాయకులిద్దరినీ గుడి కాడికి పిలిచి దండలు మార్పించే పని ముందు పెట్టుకోవద్దు. మన కడప జిల్లాలో అట్లాంటి రాజీలు పంచాయతీ ఎన్నికల దాకా నిలిస్తే గొప్ప.

మొదట ఊర్లో లేనోళ్ల లెక్క తియ్యి. జైల్లో ఎవరు, బెంగుళూరులో కాపలా పనికి పోయిందెవరు, భయంతో పిల్లోళ్లను ప్రొద్దుటూరు హాస్టల్లో వేసిందెవరు, కోర్టు వాయిదాల ఖర్చుకు ఎవరి మడి అమ్ముడుపోయింది. మొగుడు పోయిన ఆడోళ్ల ఇండ్లకు మీ అమ్మను తోడు తీసుకుని పో. వాళ్ల తరఫున మరుదులు చెప్పే మాట లెక్కలోకి తీసుకోవద్దు.

నరికేసిన చీనీ (బత్తాయి) తోటల దగ్గరే పంచాయితీ చెడుతుంది. ఆరు మీటర్ల ఎడంలో ఎకరాకు నూట పది చిల్లర చెట్లు పడతాయి. మొద్దు మొద్దూ చూడాల. చీనీని నిమ్మ మొక్క మీద అంటు కడతారు గదా, ఆ అంటు పైన తెగితే మళ్లీ చీనీ చిగురే వస్తుంది, కాపాడుకోవచ్చు. అంటు కింద తెగితే లేచేది నిమ్మ చిగురు, ఆ చెట్టు పోయినట్టే. కొత్తది పెట్టి కాపుకు రావాలంటే నాలుగైదేండ్లు. రెండు రకాలకూ ఒకే వెల కడితే నష్టపోయినోడు సంతకం పెట్టి కూడా మనసులో ఉంచుకుంటాడు. డ్రిప్పు పైపులు, మోటారు వేరుగా రాయండి.

గట్టు తగాదాకు పెద్దమనుషుల తాడు కొలతలు వద్దు. సచివాలయంలో ఎఫ్-లైన్ అర్జీ (పొలం హద్దులు కొలవమని) పెట్టించు, సర్వేయరు కొలిచి రాళ్లు నాటే రోజు ఇద్దరూ పొలంలో ఉండాల.

కేసులన్నీ ఒకే మూట కట్టొద్దు. చేతి దెబ్బలు, బెదిరింపు, సొంత ఆస్తి నష్టం లాంటివి లోక్ అదాలత్‌లో తెగుతాయి. అక్కడిచ్చే తీర్పు మీద అప్పీలు లేదు. హత్యాయత్నం అయితే హైకోర్టుకు పోవాల్సిందే, గాయపడినోడు ఒప్పుకున్నా కేసు కొట్టేస్తారన్న నమ్మకం లేదు. హత్య కేసుకు చట్టంలో రాజీయే లేదు. 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చి చెప్పింది. అందుకే మనోళ్లు సాక్షులను అడ్డం తిప్పిస్తారు. అది మాత్రం చేయొద్దు నాయనా. డబ్బు తీసుకుని కేసు వదిలేసినారన్న మాట వింటూ చచ్చిపోయినోడి ఇంటి పిల్లోడు పెరుగుతాడు. మీసం వచ్చినాక రాజీని తిరగదోడేది వాడే. కేసు కోర్టులో దాని దారిన పోనీ. ఆ కుటుంబానికి పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టించు. ఆడోళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు, 15100కు ఫోన్ చేస్తే చాలు.

తహశీల్దారు ముందు బైండోవర్ (ఇంక గొడవ పడమని పూచీకత్తు) చేయిస్తే రెండు వైపులా ఒకే రోజు, సరిసమానంగా చేయించు. ఒక వర్గాన్నే పిలిస్తే అవమానమని మళ్లీ మొదలు పెడతారు.

కొలతల తారీఖు ఖాయం అయినాక ఫోన్ చెయ్యి. నాయకులను అప్పుడు పిలుద్దాం.

మీ పెదనాయన,
జమ్మలమడుగు