వండాక గిన్నెలు ఎవరు తోముతున్నారు?

ప్రశ్న: అయ్యా, మాది తణుకు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. కానీ ఇంజినీరింగ్ వద్దు, చెఫ్ అవుతానని పట్టుబట్టాడు. ఆదివారం వచ్చిందంటే వంటిల్లు వాడిదే. పది మందికి బిర్యానీ అవలీలగా వండేస్తాడు, ఫోనులో చూసి కేకులు చేస్తాడు. తిన్నవాళ్ళంతా మెచ్చుకుంటారు. వాడు వండి వెళ్ళాక అన్నీ సర్దుకునేసరికి నాకు సాయంత్రం అవుతుంది, అది వేరే సంగతి. మా బావగారు ‘ఇంత చదివించి వంటవాణ్ణి చేస్తారా’ అంటున్నారు. మావారు ఎటూ తేల్చడం లేదు. ఈ దారిలో వాడు స్థిరపడగలడా? ఏం చదివించాలి? విదేశాలకు వెళ్ళే అవకాశం ఉంటుందా?

జవాబు: అమ్మా, ‘అది వేరే సంగతి’ అని మీరు పక్కకు నెట్టేసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. అది వేరే సంగతి కాదు. మీరు అడిగినదానికి సగం జవాబు అందులోనే ఉంది.

పాఠాలు చెప్పడానికి రాకముందు నేను పదకొండేళ్ళు హోటల్ కిచెన్‌లో పనిచేశాను. కొత్తగా ట్రైనీలు చేరినప్పుడు మా పెద్ద చెఫ్ వాళ్ళ చేతి వంట రుచి చూసేవారు కాదు. ఒక్కొక్కరికి పది కిలోల ఉల్లిపాయలు అప్పజెప్పి వెళ్ళిపోయేవారు. తిరిగి వచ్చాక ముందు ఉల్లిపాయల వైపు కాదు, బల్ల వైపు చూసేవారు. చాపింగ్ బోర్డు జారకుండా కింద తడిగుడ్డ పరిచాడా, తొక్కలకు వేరే డబ్బా పెట్టుకున్నాడా, కత్తి ఎవరి చేతికో తగిలేలా బల్ల అంచున పడి ఉందా అని. ఆ తర్వాతే గుప్పెడు ముక్కలు తీసి మందం చూసేవారు. సన్న ముక్క మాడిపోయేసరికి లావు ముక్క ఇంకా పచ్చిగానే ఉంటుంది. బిర్యానీ మీద చల్లే వేయించిన ఉల్లిపాయల్లో ఆ తేడా కంటికే తెలిసిపోతుంది. మొదటిరోజు నా బల్ల బాగానే ఉంది. గంట తర్వాత తడిసిన డస్టర్‌తో వేడి పాన్ పట్టుకున్నాను. గుడ్డలోని నీరు క్షణంలో ఆవిరై అరచేయి బొబ్బలెక్కింది. కిచెన్‌లో ప్రతివాడూ ఒక్కసారి మాత్రమే చేసే తప్పు అది.

ఎక్కడి వస్తువు అక్కడ సిద్ధంగా పెట్టుకోవడాన్ని ఫ్రెంచిలో మీజాన్ ప్లాస్ అంటారు. ప్రపంచంలో ఏ హోటల్‌కు వెళ్ళినా మీ అబ్బాయికి మొదట వినబడే మాట అదే. రాత్రి ఎనిమిదింటికి ఆరు టేబుళ్ళ ఆర్డర్లు ఒకేసారి వచ్చి పడతాయి. ఇరవై నిమిషాల్లో అన్నీ బయటికి వెళ్ళాయంటే అది ఆ ఇరవై నిమిషాల పని కాదు. మధ్యాహ్నం నుంచి గ్రేవీలు ఉడికించి, మసాలాలు తూచి, కొత్తిమీర కడిగి ఆరబెట్టుకున్న పని. ఇక ఆఖరి ఆర్డరు వెళ్ళాక పొయ్యిలు కడగడం, మిగిలినవాటికి తేదీ చీటీలు అంటించి ఫ్రిజ్‌లోకి చేర్చడం ఉంటాయి. వండిన పదార్థం అయిదు నుంచి అరవై డిగ్రీల మధ్య వేడిలో ఎక్కువసేపు ఉంటే సూక్ష్మక్రిములకు పండుగే. అందుకే శుభ్రత మా దగ్గర మంచి అలవాటు కాదు, ఉద్యోగం. ఆదివారం సాయంత్రం మీరు చేస్తున్న పనికి మా దగ్గర జీతం ఇస్తారు. మీ అబ్బాయి ఆ పనిని తప్పించుకుని మిగతా పనిని ప్రేమిస్తున్నాడు.

అలాగని వాడి చేతిని తక్కువ చేయడం లేదు. పదిహేడేళ్ళకే పది మందికి బిర్యానీ కుదరడం మాటలు కాదు. కానీ ఆ తినేవాళ్ళు మీ చుట్టాలు. ఉప్పు కాస్త ఎక్కువైనా ‘బాగుందిరా’ అంటారు. హోటల్‌లో ఆదివారం తిని వెళ్ళినవాడు మంగళవారం మళ్ళీ వస్తాడు, అదే రుచి అడుగుతాడు. ఆ రోజు వండేవాడికి తలనొప్పిగా ఉందా, కొత్త బియ్యం వచ్చాయా అన్నది అతనికి అక్కర్లేదు. పైగా పది మంది కొలతను పదితో గుణిస్తే వంద మంది బిర్యానీ అవదు. పెద్ద గుండిగలో నీరు ఇగిరే తీరు వేరు, పైనున్న బరువుకు అడుగు అన్నం నలుగుతుంది, మసాలా అదే లెక్కన పెంచితే ఘాటు నెత్తికెక్కుతుంది. మీ ఊళ్ళో పెళ్ళిళ్ళకు వండే మేస్త్రికి ఇది తెలిసినంతగా పట్టా పుచ్చుకున్న చాలామందికి తెలియదు. ఆ మేస్త్రి సంగతి మళ్ళీ చెబుతాను.

ఇక మీ బావగారి మాట. నలభీమపాకం అని విస్తరి ముందు పొగిడేదీ మనమే, ఇంట్లో పిల్లవాడు గరిటె పడతానంటే మొహం చిట్లించేదీ మనమే. అయినా ఆయన మాటను పూర్తిగా కొట్టెయ్యకండి. చెఫ్ అంటే ఫ్రెంచిలో పెద్ద, అధిపతి అని అర్థం. మొదటి అయిదారేళ్ళు మీ అబ్బాయి అక్షరాలా వంటవాడే, పెద్ద కాదు. కిచెన్‌ను విభాగాలుగా పంచి, సైన్యంలో మాదిరి పైనుంచి కిందికి ఆజ్ఞ నడిచే పద్ధతిని 19వ శతాబ్దం చివర లండన్ సవాయ్ హోటల్లో ఎస్కాఫియే అనే ఫ్రెంచి చెఫ్ స్థిరపరిచాడు. ఆయన సైన్యానికి వండినవాడే. ఆ నిచ్చెన ఇప్పటికీ అలాగే ఉంది. అడుగున కమీ, అందులోనే మూడు మెట్లు. ఆ పైన ఒక విభాగాన్ని చూసుకునే చెఫ్ ది పార్టీ, ఆ పైన సూ చెఫ్, అందరికీ పైన ఎగ్జిక్యూటివ్ చెఫ్. పై మెట్టుకు చేరడానికి పది పదిహేనేళ్ళు సాధారణంగా పడుతుంది. కమీ జీతం హైదరాబాద్‌లో చాలాచోట్ల పదిహేను, ఇరవై వేల దగ్గర మొదలవుతుంది. అదే ఏడాది సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి జీతం విన్న రోజున మీ అబ్బాయికి నిద్ర పట్టదు. ఆ రోజు వస్తుందని ఇప్పుడే చెప్పి ఉంచండి. పై మెట్లలో సంపాదన బాగుంటుంది, కానీ అక్కడిదాకా నిలబడేవాళ్ళు తక్కువ.

నిలబడటం అంటే కాళ్ళ మీద కూడా. రోజుకు పది పన్నెండు గంటలు. బ్రేక్ షిఫ్ట్ ఉన్నచోట ఉదయం వెళ్ళి మధ్యాహ్నం భోజనాల పని ముగించి, మూడు గంటలు ఎక్కడో కాలక్షేపం చేసి, మళ్ళీ రాత్రి పదకొండు దాకా. ఊరంతా పండుగ చేసుకుంటున్న రోజే మాకు రద్దీ. భోగి మంట దగ్గర మీ అబ్బాయి ఉండడమ్మా. సంక్రాంతికి మీవైపు అల్లుళ్ళు, కోడిపందాలు, అరిసెలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. డిసెంబరు 31 రాత్రి అయితే ఫోను కూడా ఎత్తడు. చాలామంది ఈ వృత్తి వదిలేది కాలిన చేతుల వల్ల కాదు, ఇందువల్లే.

చెఫ్‌గా ఎదిగేవాణ్ణీ మధ్యలో ఆగిపోయేవాణ్ణీ వేరుచేసేది మాత్రం రుచి కాదు, లెక్క. మీవైపు రొయ్యల చెరువులకు కొదవ లేదు కాబట్టి దాంతోనే చెబుతాను. తలతో ఉన్న రొయ్యలు కిలో 400 రూపాయలకు కొన్నారనుకుందాం. తల, పెంకు తీశాక చేతికి వచ్చేది సుమారు అరకిలో. అంటే ఒలిచిన రొయ్యలు కిలో 800 పడ్డాయి. ప్లేటు ఇగురుకు 150 గ్రాములు వేస్తే రొయ్యలకే 120. నూనె, ఉల్లి, మసాలా మరో 40. మొత్తం 160. సరుకు ఖర్చు అమ్మకం ధరలో మూడో వంతు దాటకూడదని హోటళ్ళు చూసుకుంటాయి. 32 శాతం లెక్కన ఆ ప్లేటు ధర 500 ఉండాలి. మిగిలిన 340లో అద్దె, జీతాలు, గ్యాసు, కరెంటు, పగిలిన ప్లేట్లు అన్నీ పోయాక యజమానికి ఏమైనా మిగలాలి. ఇప్పుడు కమీ ఒకడు తూచకుండా గుప్పెడు రొయ్యలు ఎక్కువ వేశాడు. ప్లేటుకు 30 గ్రాములు ఎక్కువైతే 24 రూపాయలు. రోజుకు నలభై ప్లేట్లు, నెలకు ముప్పై రోజులు. గుణించి చూడమనండి, మీ వాడు ఎంపీసీనే కదా. ఈ లెక్క మీద ఆసక్తి పుట్టనివాడు ఎంత బాగా వండినా సూ చెఫ్ దగ్గర ఆగిపోతాడు. సొంతంగా రెస్టారెంట్ పెడితే మరీ ప్రమాదం.

చదువు విషయానికి వస్తే, ఇంటర్ తర్వాత మూడేళ్ళ హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీకి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే పరీక్ష పెడుతుంది. ఏ గ్రూపు చదివినా రాయవచ్చు, ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉండాలి. దాని ద్వారా హైదరాబాద్ విద్యానగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ వంటి ప్రభుత్వ సంస్థల్లో సీటు వస్తుంది. ఒక మాట ముందే తెలుసుకోండి. ఈ డిగ్రీలో వంట నాలుగో వంతే. వడ్డన, రిసెప్షన్, గదుల నిర్వహణ కూడా నేర్చుకోవాలి. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరచడం మీద కూడా పరీక్ష ఉంటుంది. దీనికి మొహం మాడ్చే పిల్లలను చాలామందిని చూశాను. వంట ఒక్కటే కావాలంటే కలినరీ కోర్సులున్నాయి. బేగంపేటలో 1996లో మొదలైన కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా ఉంది, తిరుపతిలో కేంద్ర పర్యాటక శాఖ నెలకొల్పిన ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అంత ఖర్చు, అంతకాలం వద్దనుకుంటే ఐటీఐల్లో ఫుడ్ ప్రొడక్షన్ ట్రేడ్ ఏడాదిలో పూర్తవుతుంది. దాంతో చేరినా కమీగానే చేరతారు, డిగ్రీతో చేరినా చాలాసార్లు కమీగానే చేరతారు. తేడా తర్వాతి మెట్ల దగ్గర, విదేశీ ఉద్యోగాల దగ్గర తెలుస్తుంది.

ప్రైవేటు కాలేజీకి వెళితే నూరు శాతం ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు చూడకండి. నేరుగా ట్రైనింగ్ కిచెన్‌లోకి తీసుకెళ్ళమని అడగండి. ఒక్కో విద్యార్థికి ఒక్కో బర్నర్ ఉందా, లేక సారు ఒక్కరు వండుతుంటే ముప్పై మంది నోట్సు రాసుకుంటున్నారా? వారానికి ఎన్ని గంటలు వాళ్ళ చేత వండిస్తారు? సరుకు డబ్బు ఫీజులోనే ఉందా? ఈ మూడింటికి జవాబు నసిగితే వెనక్కి వచ్చేయండి.

చదువు లేకుండా ఎదిగినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. లక్నోకు చెందిన ఇంతియాజ్ ఖురేషీ కాలేజీ మెట్లెక్కకుండా, చిన్నప్పుడే పొయ్యి దగ్గర చేరి, ఐటీసీ హోటళ్ళలో దమ్ పుఖ్త్ వంటకు, అంటే మూత బిగించి సన్నసెగ మీద మగ్గబెట్టే వంటకు, పేరు తెచ్చి 2016లో పద్మశ్రీ అందుకున్నారు. మరోవైపు గరిమా అరోరా జర్నలిజం చదివి, ఆ ఉద్యోగం వదిలి పారిస్ వెళ్ళి వంట నేర్చుకుని, 2018లో బ్యాంకాక్‌లోని తన రెస్టారెంట్‌కు మిషెలిన్ స్టార్ సాధించారు, రెస్టారెంట్లకు ప్రపంచమంతా గొప్పగా చెప్పుకునే గుర్తింపు అది. భారతీయ మహిళల్లో ఆమే మొదటివారు. ఇద్దరి దారులూ వేరు, ఇద్దరూ ఏళ్ళ తరబడి మరొకరి కిచెన్‌లో చెప్పిన పని చేసినవాళ్ళే. టీవీ పోటీల్లో ఆ భాగం చూపించరు.

విదేశాల సంగతి అడిగారు. గల్ఫ్ హోటళ్ళలో, ప్రయాణికుల ఓడల్లో మన కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. ఇక్కడ మంచి హోటల్లో రెండు మూడేళ్ళు చేసిన తర్వాతే వెళ్ళనివ్వండి. లేకపోతే అక్కడా కూరగాయల దగ్గరే ఉంచుతారు. గల్ఫ్ ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర నమోదైనవాడేనా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోండి. ఓడ ఉద్యోగమైతే ఆ సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉండాలి. కోర్సు మధ్యలోనే ‘విదేశీ ఇంటర్న్‌షిప్’ అంటూ లక్షలు అడిగేవాళ్ళకు దూరంగా ఉండండి.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ నోటిఫికేషన్ వచ్చిందో లేదో చూసి దరఖాస్తు చేయించండి. ఈఏపీసెట్ కూడా రాయమనండి, నష్టం లేదు. ఇంటర్ పరీక్షలు అయిపోయాక ఏప్రిల్, మే నెలల్లో పెళ్ళిళ్ళ కాలం ఉంటుంది. నేను పైన చెప్పిన వంట మేస్త్రి దగ్గరికి మీ అబ్బాయిని తీసుకెళ్ళమని మీవారితో చెప్పండి. జీతం వద్దు, నలభై రోజులు పనిలో పెట్టుకోమని అడగమనండి. వడ్డించే పని కాదు, తరగడం, కడగడం, గుండిగ దించడం. ఎండాకాలంలో కట్టెల పొయ్యి దగ్గర నలభై రోజులు గడిపాక మీ అబ్బాయి ఏమంటాడో దాన్నిబట్టి ఫీజు కట్టండి. వద్దంటే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అప్పటికి మొదలయ్యి ఉండదు, సీటు ఎక్కడికీ పోదు. ఇదే కావాలన్నాడా, మీ బావగారితో మాట్లాడే పని వాడికే వదిలేయండి.

మేస్త్రి దగ్గరికి పంపేముందు మంచి బూట్లు కొనివ్వండి. అడుగు జారనివి, వేళ్ళు పూర్తిగా కప్పేవి. చెప్పులతో వేడి నూనె దగ్గరికి వెళ్ళనివ్వకండి. ఈ ఆదివారం నుంచి మాత్రం బిర్యానీ అయ్యాక మీరు వంటింట్లోకి వెళ్ళకండి.