హామ్ రేడియో జవాబులు: తీగ కొలత సరే, కేబుల్ సంగతేమిటి?

ప్రశ్న: లైసెన్సు, కాల్ సైన్ వచ్చాయి. 40 మీటర్ల బ్యాండులో మాట్లాడాలని ఉంది. యాంటెన్నాకు 20 మీటర్ల తీగ పట్టాలట. మా డాబా 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. తీగ ఎలా కట్టాలి? – ఖమ్మం

జవాబు: డాబాను మూల నుంచి మూలకు కొలవండి, 15 మీటర్లు వస్తుంది. ఆ 15లో 20 మీటర్ల తీగ ఇమిడిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అర్ధతరంగ డైపోల్ (నడుమ కేబుల్ తగిలించి రెండు రెక్కలుగా చాపే, తరంగంలో సగం పొడవున్న తీగ) మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. మన దేశంలో ఈ బ్యాండు 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ దాకా. మధ్యలో 7.1 అనుకుంటే 20.14 మీటర్లు, అంటే ఒక్కో రెక్కకు 10.07. అయితే ఇది తొడుగు లేని తీగ లెక్క. మీకు బజార్లో దొరికేది ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. దాని పీవీసీ తొడుగు వల్ల రెండు మూడు శాతం తక్కువ పొడవుకే ట్యూన్ అవుతుంది. అయినా సరే, మొదట ఒక్కో రెక్కను 10.40 మీటర్లకే కొయ్యండి. పొడవెక్కువైతే కత్తిరించుకోవచ్చు. తక్కువైతే అతుకులు వెయ్యాల్సి వస్తుంది.

డాబా నడుమ 6 మీటర్ల జీఐ పైపు గానీ గట్టి వెదురు బొంగు గానీ నిలపండి. మూడింట రెండొంతుల ఎత్తులో మూడు వైపులా తాళ్లతో లాగి కట్టాలి. యాంటెన్నా తీగలే లాగి పట్టుకుంటాయి కదా అని వదిలెయ్యకండి, మొదటి గాలివానకే బొంగు వాలిపోతుంది. ఎదురెదురు మూలల్లో రెండున్నర మీటర్ల బొంగులు కట్టండి. పై నుంచి మూల బొంగు కొస దాకా ఏటవాలుగా 8.3 మీటర్ల తీగ పడుతుంది. మిగిలిన ఒకటిన్నర, రెండు మీటర్లను అదే ఎత్తులో పిట్టగోడ వెంట పక్కకు తిప్పి ఇంకో బొంగుకు కట్టండి. ఒక రెక్క కొస ఎడమకు తిరిగితే రెండోది దాని ఎదురు దిక్కుకు తిరగాలి. పై నుంచి చూస్తే ఒంపు తిరిగిన గీతలా ఉండాలన్నమాట. కొసలు వంగినంత మాత్రాన పెద్దగా నష్టం లేదు. కరెంటు ఎక్కువగా పారేది నడుమ, సిగ్నలు బయల్దేరేదీ అక్కడే. కొసల్లో ఉండేది వోల్టేజీ. ప్రసారం చేస్తుండగా చెయ్యి తగిలితే చురుక్కున కాలుతుంది. అందుకే కొసలను చేతికందని ఎత్తులో పెట్టమంటున్నాం. బట్టలారేసే తీగను కూడా అటువైపు నుంచి తీసెయ్యండి.

రెండు రెక్కలూ కేబుల్‌తో కలిసే నడిమి ముక్కకు వంటింట్లో కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలక చాలు. 10 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి, ఒక్కో రెక్కకు రెండేసి రంధ్రాలు పెట్టండి. తీగ ఒక రంధ్రంలోంచి వెనక్కి వెళ్లి రెండో దాంట్లోంచి ముందుకు రావాలి. లాగుడు బరువంతా పలక మీద పడాలి, సోల్డరు మీద పడకూడదు. టంకం వేసిన చోట తీగ పెళుసుబారుతుంది, గాలికి ఊగి ఊగి సరిగ్గా అక్కడే తెగుతుంది. ఇంట్లో కట్టిన డైపోల్స్ ఎక్కువగా చచ్చేది ఇలాగే. కొసల్లో కరెంటు స్తంభాల స్టే తీగకు వాడే పింగాణీ గుడ్లు కట్టొచ్చు. దొరక్కపోతే చేతి పొడవున్న పీవీసీ పైపు ముక్కైనా పర్వాలేదు. తీగను వీణ తీగలా బిగించకండి. రాగి మెత్తన, నెలలు గడిచేకొద్దీ సాగుతుంది, దాంతో ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది.

పలక కిందే కోయాక్స్ కేబుల్‌ను (నడుమ ఒక తీగ, దాని చుట్టూ జడలా అల్లిన లోహపు పొర ఉండేది) చుట్ట చుట్టండి. ఆర్‌జీ-58 అనే సన్న రకమైతే 4.5 మీటర్లు, 6 చుట్లు, చుట్ట వెడల్పు జానెడు మీద కొంచెం. ఈ చుట్ట లేకపోతే కేబుల్ జడ కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. మైకు పెదవికి తగిలితే చురుక్కుమనడం, పక్కగదిలో స్పీకర్లు గరగరమనడం, కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా తిప్పికొట్టే పవరును చూపేది, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది) ముల్లు కదలడం అన్నీ దాని లక్షణాలే.

ఇక కోత. ఆ మీటరు ముల్లు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అన్నిటికన్నా కిందికి దిగిందో చూడండి. ఇప్పటి పొడవును ఆ ఫ్రీక్వెన్సీతో గుణించి, కావలసిన ఫ్రీక్వెన్సీతో భాగిస్తే కొత్త పొడవు వస్తుంది. ఉదాహరణకు 10.40 మీటర్ల రెక్క 6.68 దగ్గర దిగిందనుకుందాం. 10.40ని 6.68తో గుణించి 7.10తో భాగిస్తే 9.78. అంటే ఒక్కో రెక్కలో 62 సెంటీమీటర్లు తియ్యాలి. ఒక్కసారే తియ్యకుండా మొదట 45 తీసి మళ్లీ కొలవండి. రెండు రెక్కలూ సమానంగా తగ్గాలి.

ఈ ఎత్తులో సిగ్నలు ఎక్కువగా నిట్టనిలువుగా పైకి పోయి, వాతావరణపు పైపొర అయనోస్ఫియర్ నుంచి తిరిగి కిందికి దిగుతుంది. పగలు హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి కొన్ని వందల కిలోమీటర్ల లోపు ఊళ్లకు మనకు కావలసింది అదే.

ప్రశ్న: 145 మెగాహెర్ట్జ్‌కు గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా చేశాను. నిలువు తీగ 51.7 సెం.మీ., కింద అదే పొడవు తీగలు నాలుగు, అడ్డంగా. 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్. ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 చూపిస్తోంది. అయినా చేతిసెట్టు 5 వాట్లు పది కిలోమీటర్లు కూడా దాటడం లేదు. – నెల్లూరు

జవాబు: మీ మీటరు అబద్ధమాడటం లేదు. అది కేబుల్ ఈ చివర సంగతే చెబుతోంది.

145 మెగాహెర్ట్జ్‌లో 30 మీటర్ల ఆర్‌జీ-58 సుమారు 6 డెసిబెల్స్, అంటే పవరులో ముప్పాతిక తింటుంది. 5 వాట్లు పైకి చేరేసరికి ఒకటింపావు వాట్లే. అక్కడ యాంటెన్నా తిప్పికొట్టిన భాగం మళ్లీ అదే కేబుల్‌లో కిందికి దిగుతూ ఇంకో ముప్పాతిక పోగొట్టుకుంటుంది. చివరికి మీటరు దగ్గరకు వచ్చే ప్రతిధ్వని అతి స్వల్పం, దాన్ని చూసి మీటరు అంతా బాగుందంటుంది. కింద 1.2 కనబడితే పైన నిజంగా ఉన్నది 2.1. లెక్క కడితే గాలిలోకి పోతున్నది ఒక్క వాటు చిల్లర.

నమ్మకం కలగకపోతే పైకెక్కి యాంటెన్నా పూర్తిగా ఊడదీసి, అతి తక్కువ పవరు మీద ఒక్క క్షణం కొలవండి. అసలేమీ లేని కేబుల్‌కు కూడా 1.7 చూపిస్తుంది. నానో వీఎన్‌ఏ (సెట్టు లేకుండానే యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) ఉంటే సెట్టు కాలుతుందన్న భయం కూడా ఉండదు.

రెండు పనులు చెయ్యండి. మొదటిది కేబుల్. సెట్టును యాంటెన్నా దగ్గరకు జరిపి కేబుల్‌ను 10 మీటర్లకు తగ్గిస్తే 4 డెసిబెల్స్ ఊరికే మిగులుతాయి. కుదరదంటే ఆర్‌జీ-213 వేసుకోండి, అదే 30 మీటర్లకు 3 డెసిబెల్స్ లోపే తింటుంది. కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ-6 కూడా ఈ ఫ్రీక్వెన్సీలో ఆర్‌జీ-58 కంటే తక్కువే తింటుంది. సెట్టు 50 ఓమ్‌లది, ఇది 75 ఓమ్‌ల కేబుల్ కాబట్టి ఎస్‌డబ్ల్యూఆర్ కొంత పెరుగుతుంది, 5 వాట్ల సెట్టుకు దానివల్ల ఇబ్బంది లేదు. దాని జడ అల్యూమినియం, టంకం అంటదు. కేబుల్ టీవీ వాళ్లు బిగించే ఎఫ్ కనెక్టరే వాడాలి.

రెండోది కొలతలు. వెలుతురు వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగించి నాలుగో వంతు తీసుకున్నారు, అందుకే 51.7 వచ్చింది. లోహపు కడ్డీకి అందులో సుమారు 5 శాతం తగ్గించాలి. కేబుల్ కనెక్టరు బిగించే ఎస్‌ఓ-239 సాకెట్ నడిమి గుంతలో పట్టే ఇత్తడి వెల్డింగ్ రాడ్ తీసుకుని, సాకెట్ పలక నుంచి కొలిచి 49.3 సెం.మీ. ఉంచండి. కింది నాలుగూ 51.7 ఉంటే ఉండనివ్వండి, అవి కొంచెం పొడవుండాలి. కానీ అడ్డంగా కాకుండా 45 డిగ్రీలు కిందికి వంచండి. అడ్డంగా ఉన్నప్పుడు ఇంపెడెన్స్ (కేబుల్‌కు యాంటెన్నా చూపే నిరోధం) 36 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది, వంచితే సెట్టుకు కావలసిన 50కి దగ్గరవుతుంది. రాడ్‌కు టంకం వేసేముందు గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. 25 వాట్ల చిన్న ఐరన్ ఇంత లోహాన్ని వేడెక్కించలేదు, 60 వాట్లది కావాలి. సోల్డరు ముత్యంలా గుండ్రంగా కూర్చుంటే అతకనట్టే. పల్చగా పాకితేనే పట్టినట్టు.

ప్రశ్న: వాన పడితే ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాకా పోతుంది, ఎండెక్కాక మళ్లీ మామూలే. – కాకినాడ

జవాబు: కనెక్టర్‌లోకి నీళ్లు దిగుతున్నాయి. పీఎల్-259 అనే ఈ కనెక్టరు నీళ్లను ఆపదు, దాని తయారీయే అంత. ఊడదీసి కేబుల్ తొడుగు ఒక అంగుళం చీల్చి చూడండి. జడ నల్లబడితే ఎర్రరాగి కనిపించేదాకా కోసి పారెయ్యండి. దీపం వత్తి నూనె పీల్చినట్టు జడ నీళ్లను మీటర్ల కొద్దీ పీలుస్తుంది. కొత్తగా బిగించాక సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును కింది నుంచి పైకి, సగం మీద సగం వచ్చేలా చుట్టి, దాని మీద మామూలు నల్ల టేపు చుట్టండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పూత మాత్రం వద్దు, అది రాగిని తింటుంది. కేబుల్ గోడలోకి దూరేముందు కిందికి ఒక వంపు ఉంచితే నీళ్లు అక్కడే కారిపోతాయి. సముద్రపు గాలి తగిలే ఊరు కనుక స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. అల్యూమినియం, రాగి నేరుగా తగిలిన చోట ఏడాది తిరక్కుండా తెల్ల బూజులాంటి పొడి పడుతుంది.

ఇంకోమాట: ఉన్నట్టుండి ఎస్‌డబ్ల్యూఆర్ మునుపటికన్నా బాగుపడినా అనుమానించండి. తడిసిన కేబుల్ ఎక్కువ తింటుంది, పైన చెప్పిన లెక్క ప్రకారం ముల్లు కిందికి దిగుతుంది.

ప్రశ్న: మా ఇంటి పక్కనుంచే కరెంటు లైను పోతోంది. పైపు ఎంత దూరంలో పెట్టాలి? పిడుగుల సంగతేమిటి? – మెదక్

జవాబు: పైపు ఎటు వాలి పడినా, దాని తీగలతో సహా లైనుకు తగలకూడదు. పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరం ఉండాలి. 6 మీటర్ల పైపుకు 9 మీటర్లు. అంత దూరం లేకపోతే అక్కడ పైపు వద్దు. లైను మీదుగా తీగ విసరడం అసలే వద్దు. పైపు లేపేటప్పుడు ముగ్గురుండాలి, ఒకరి పని లైను వైపు చూస్తూ ఉండటమే.

ఉరుములు వినబడటానికి ముందే కేబుల్ ఊడదీసి కిటికీ బయట పడెయ్యండి. సెట్టు స్విచ్ ఆపితే చాలదు. పైపుకు ఎర్త్ రాడ్ వేస్తే మంచిదే. అది ఉందని ఉరుముల వేళ సెట్టు ముందు కూర్చోవద్దు. ఇక సంక్రాంతి అయ్యాక ఒకసారి మేడెక్కండి. మాంజా చిక్కుకుని ఉంటే తీగ తొడుగు కోసుకుపోతుంది. కోతులున్న ఊరైతే కేబుల్‌ను పైపులోంచే దింపండి. వేలాడేది ఏదైనా అవి ఊగి చూడకుండా వదలవు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. కాలనీ సంఘం యాంటెన్నాలు ఒప్పుకోదు. అటకలో తీగ కట్టి హైదరాబాద్‌తో మాట్లాడగలనా? – టెక్సస్

జవాబు: 14.2 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ 10.07 మీటర్లే, చాలా అటకల్లో పడుతుంది. పైకప్పు తారు షింగిల్స్‌దైతే సరే. రేకు కప్పు, వెండిరంగు రేకు అంటించిన ఇన్సులేషన్ ఉంటే సిగ్నలు బయటికి రాదు. ఆ బ్యాండులో మాట్లాడటానికి అక్కడ టెక్నీషియన్ లైసెన్సు చాలదు, జనరల్ కావాలి.

దిక్కు విషయంలో చాలామంది పొరపడతారు. హైదరాబాద్ తూర్పున ఉంది కదా అని అటు గురిపెడతారు. రెండు ఊళ్లూ భూగోళానికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. దగ్గర దారి ఉత్తర ధ్రువం మీదుగా, సుమారు 14 వేల కిలోమీటర్లు. డైపోల్ తన తీగకు అడ్డంగా ఎక్కువ పంపుతుంది కాబట్టి తీగను తూర్పు పడమరలుగా కట్టండి. సూర్యుడి అలజడితో ధ్రువకాంతులు వెలిగిన రోజుల్లో ఆ దారి మూసుకుపోతుంది, అప్పుడు యాంటెన్నాను తిట్టుకోకండి. మీకు తెల్లవారే వేళ, ఇక్కడ సాయంత్రం దీపాలు పెట్టే వేళ ప్రయత్నించండి.