షెవర్లే ఛాసిస్ కొయ్యాలా వద్దా? తొమ్మిది అంగుళాల పంచాయితీ

ప్రశ్న: అన్నా నమస్తే. మాది మదనపల్లె దగ్గర పల్లె, ఇప్పుడు బెంగళూరు హొరమావులో ఉంటున్నాం. మా తాత 1952 షెవర్లే 3600 పికప్ ఊళ్ళో చింతచెట్టు కింద ఇరవయ్యేళ్ళు పడుంటే పోయిన సంక్రాంతికి లారీలో ఎక్కించి తెచ్చుకున్నా. క్యాబిన్, తొట్టి దింపేశాం, ఇప్పుడు ఒట్టి ఛాసిస్సే (కింది ఇనుప చట్రం) ఉంది. మాది 30×40 సైటు. బండి విప్పకముందు పార్కింగ్‌లో పెట్టి చూస్తే, ముందు గోడకి ఆనించినా కూడా, తాత ఊళ్ళో వెల్డింగ్ షాపులో వేయించిన పెద్ద ఐరన్ బంపర్ అర అడుగు గేటు బయటికి వచ్చేసింది. మెకానిక్ ఏమంటాడంటే ఛాసిస్ 9 అంగుళాలు కోసి అతికిస్తే 3100 షార్ట్ బెడ్ (పొట్టి తొట్టి మోడల్) అయిపోతుంది, అమెరికాలో అందరూ ఇదే చేస్తారు, రేటు కూడా పెరుగుతుంది, రెండ్రోజుల పని అంటాడు. నాన్న వద్దే వద్దంటున్నాడు. మా ఆవిడేమో గేటు పడితే చాలు అంటోంది. ఏం చెయ్యమంటావు?
(ఒక పాఠకుడు, హొరమావు)

జవాబు: కొయ్యొద్దు తమ్ముడూ. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, కాఫీ పెట్టుకో.

మీ మెకానిక్ లెక్క తప్పేం కాదు. 3600 వీల్‌బేస్ (ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్య దూరం) 125¼ అంగుళాలు, 3100ది 116, తొట్టి చూస్తే 87కి 78. అమెరికాలో పొట్టి తొట్టి బండ్లకే మోజెక్కువ కాబట్టి అక్కడ పొడుగు బండి తెచ్చి కోసేవాళ్ళున్నారు, నిజమే. కానీ కోసినంత మాత్రాన 3100 అయిపోతుందా? నీది ముప్పావు టన్ను బండి, చక్రానికి ఎనిమిది బోల్టులు, 3100 అర టన్నుది, దానికి ఆరు. ఆ ఏడాది 3100లో అయితే జాయింట్ షాఫ్ట్ (వెనక చక్రాలు తిప్పే పొడుగు కడ్డీ) ట్యూబ్ లోపల దాక్కుని ఉంటుంది, నీ దాంట్లో బయటికే కనిపిస్తుంది. కొనడానికి వచ్చి కిందికి వంగి చూసేవాడికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఇంక పెరిగే రేటెక్కడిది? పైగా ముప్పావు టన్ను మొయ్యడానికి పెట్టిన గట్టి కమాన్ పట్టీలు అలాగే ఉంటాయి, వీల్‌బేస్ మాత్రం తగ్గుతుంది, అలాంటి బండిని ఖాళీ తొట్టితో మన బెంగళూరు హంపుల మీద తోలి చూడు, మీ ఆవిడ రెండోసారి ఎక్కదు.

ఇంక కాగితాలు. నాకు అసలు భయం ఇక్కడే. ఆర్సీలో వీల్‌బేస్ అని ఒక గడి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన లెక్కకి, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అది చాలదన్నట్టు 2021లో వింటేజ్ బండ్లకి వేరే రూల్స్ వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్ళు దాటిన సొంత వాడకం బండికి వింటేజ్ హోదా ఇస్తారు, పాత నంబరుంటే అదే ఉంచుకోవచ్చు, కొత్తగా చేయిస్తే వీఏ సిరీస్, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఛాసిస్ మీద రంపం పడితే ఆ తలుపు మూసుకుపోయినట్టే, మళ్ళీ అతికించినా తెరుచుకోదు. (వింటేజ్ కింద చేయిస్తే రోజూ ఆఫీసుకి తోలడం కుదరదు, ఎగ్జిబిషన్లు, ర్యాలీలు లాంటి వాటికే, అది ముందే తెలుసుకో.) తాత ఆర్సీలో గూడ్స్ బండి అని ఉందేమో కూడా చూడు, ఉంటే ఆర్టీఓలో ముందే అడిగి పెట్టుకో, పెయింటింగ్ అయ్యాక అడిగితే ఏడుపే.

రెండ్రోజుల పని అన్నాడు చూడు, అక్కడ నవ్వొచ్చింది. నిలువుగా ఒకే గీత మీద కోసి అతికిస్తే బండి బరువుకి వంగే బలమంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది, అందుకే తెలిసినవాళ్ళు మెట్టులాగా కోస్తారు. అదీ తిన్నగా ఉన్న చోట, క్రాస్ మెంబర్లకి (ఛాసిస్ అడ్డ దూలాలకి), కమాన్ బ్రాకెట్లకి దూరంగా. లోపల వేసే ప్లేటు చివర్లు సన్నగా వాలుగా ఉండాలి, పైన కింద అంచులకి అడ్డంగా వెల్డింగ్ తగలకూడదు ఎందుకంటే ఛాసిస్‌లో ఎక్కువ లాగుడు పడేది ఆ అంచుల మీదే. ముందు మొత్తం స్టాండ్ల మీద రసమట్టం పెట్టి లెవెల్ చెయ్యాలి, మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పట్టి ఒకటే వస్తోందా చూడాలి, ఇటు కొంచెం అటు కొంచెం వెల్డింగ్ పెట్టుకుంటూ పోవాలి, లేదంటే వేడికి ఒక పక్కకి లాగేస్తుంది, అప్పుడు బండి రోడ్డు మీద పీతలా పక్కకి నడుస్తుంది. అది అయ్యాక జాయింట్ షాఫ్ట్ పొట్టి చేసి బ్యాలెన్సింగ్, బ్రేక్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, పెట్రోల్ పైపు, వైరింగ్. వెనక చక్రం ముందుకి జరిగింది కాబట్టి తొట్టి పక్కలు, కింద చెక్కలు, ఫుట్‌బోర్డు అన్నీ మళ్ళీ చెయ్యాలి. పీన్యా ఇండస్ట్రియల్ ఏరియాలో చేసేవాళ్ళు లేకపోలేదు. మీవాణ్ణి ఎలా కోస్తావ్ అని అడిగి చూడు, నిలువుగా ఒకే గీత మీద కోసి ప్లేటు కొడతా అంటే టీ తాగించి పంపించెయ్.

ఒకటి మాత్రం వేరు. చింతచెట్టు కింద ఇరవయ్యేళ్ళంటే ఆకు, మట్టి ఆ సైడ్ మెంబర్ల (ఛాసిస్ రెండు పక్కల పొడుగు దూలాల) లోపల పేరుకుని తడి పట్టి ఉంటుంది, ముఖ్యంగా వెనక కమాన్ బ్రాకెట్ల దగ్గర. వైర్ బ్రష్‌తో గీకి, చిన్న సుత్తితో కొట్టుకుంటూ పో, ఖంగుమంటే సరే, డబ్‌మంటే తుప్పు. తుప్పున్న ముక్క తీసి అదే కొలతకి కొత్తది వేయిస్తే అది రిపేరు, పొట్టి చెయ్యడం కాదు. క్యాబిన్ కూర్చోబెట్టకముందే ఈ పని చూసుకో, మళ్ళీ దింపాల్సి వస్తే తెలుస్తుంది బాధ.

ఇప్పుడు గేటు సంగతి. నీ ఉత్తరం మళ్ళీ చదువుకో తమ్ముడూ, అర అడుగు బయటికి వచ్చింది బండి కాదు, బంపర్. అది కంపెనీది కూడా కాదు, తాత వేయించింది! బోల్టులకుంటే విప్పు, వెల్డింగైతే ఛాసిస్‌కి గాటు పడకుండా గ్రైండర్‌తో తీయించు. తీశాక టేపు పెట్టి చూడు, ఇంకా రెండు మూడంగుళాలు తక్కువొస్తే లోపలికి తెరుచుకునే గేటుకి బదులు పక్కకి జరిగే గేటు పెట్టించుకోండి, షాఫ్ట్, తొట్టి ఖర్చు పక్కన అది లెక్కే కాదు. ఆ బంపర్ని మాత్రం గుజరీకి వెయ్యకు, నాన్న అడుగుతాడు.