రాగి పూస ఒక్కటే సాక్ష్యం కాదు

ప్రశ్న: ఇల్లు కాలాక చూస్తే వైర్ల చివర రాగి కరిగి పూసలు కట్టింది. అందరూ షార్ట్ సర్క్యూటే అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: అప్పుడే నమ్మకండి. మంట తగిలేసరికి ఆ వైరులో కరెంటు ఉందని మాత్రమే ఆ పూస చెబుతుంది. నిప్పు వేరేచోట పుట్టినా సరే, వేడికి పీవీసీ తొడుగు బొగ్గవుతుంది. ఆ బొగ్గు గుండా ఫేజు, న్యూట్రల్ మధ్య కరెంటు దూకి రాగి కరుగుతుంది. కాబట్టి షార్టు వల్ల మంట పుట్టి ఉండవచ్చు, మంట వల్ల షార్టు అయి ఉండవచ్చు. పూసను చూసి ఏది ముందో తేల్చలేం.

అసలది షార్టు పూసేనా అన్నది ఇంకో సంగతి. షార్టు పూస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. దాన్ని ఆనుకునే తీగ చెక్కుచెదరకుండా ఉంటుంది. భూతద్దంలో రెంటి మధ్యా గీత గీసినట్టు హద్దు కనబడుతుంది. మంట వేడికే కరిగిన తీగకు ఆ హద్దు ఉండదు. చాలా మేర సన్నబడి, సాగి, చివర మొనదేలుతుంది. రాగి సుమారు 1,085 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అల్యూమినియం 660 దగ్గర కరుగుతాయి. కరిగిన అల్యూమినియం రాగి మీద పడితే రెండూ కలిసి అంతకంటే తక్కువ వేడికే కరుగుతాయి. అక్కడ మిగిలే వెండిరంగు పెళుసు ముద్దను చూసి షార్టని పొరబడేవాళ్లు చాలామంది.

అందుకే ముందు నిప్పు పుట్టిన చోటు తేలాలి, వైరింగ్ సంగతి ఆ తర్వాత. ఇక్కడ మాత్రం పూసలు బాగా పనికొస్తాయి. ఒకే సర్క్యూట్లో మూడుచోట్ల వైరు షార్టు పూస కట్టి తెగి ఉంటే, మెయిన్ బోర్డుకు అన్నిటికన్నా దూరంగా ఉన్నదే సాధారణంగా మొదట తెగినది. దగ్గర్లో ముందే తెగితే దాని అవతలికి కరెంటే వెళ్లదు కదా. మంట ఆ సర్క్యూట్‌ను మొదట ఎక్కడ అందుకుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ప్రశ్న: ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపేసే స్విచ్) పడిపోలేదు. అంటే వైరింగ్ తప్పు లేనట్టేనా?

జవాబు: కాదు. లూజు జాయింటును ఎంసీబీ పట్టుకోలేదు. టెర్మినల్ స్క్రూ వదులై అక్కడ అర ఓం నిరోధం ఏర్పడిందనుకోండి. 10 ఆంపియర్లు పారితే ఆ ఒక్క చోటే 50 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ను సాకెట్లో పెట్టి మరిచిపోయినట్టే. 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అది మామూలు లోడే. సాకెట్ విప్పి టెర్మినళ్లను పోల్చండి. మంట అన్నిటికీ ఒకేలా తగిలినా ఒక్కదాని ఇత్తడి మాత్రమే తినేసినట్టు గుంటలు పడి ఉంటే, అనుమానం దానిమీదే.

ఓవర్‌లోడ్ అయితే వైరు లోపలినుంచి కాలుతుంది. తొడుగు రాగిని వదిలేసి గొట్టంలా వదులవుతుంది, అదీ పొడవునా. మంట చేరని గదిలో అదే సర్క్యూట్ వైరును చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: నిపుణుడు వచ్చేలోగా ఏం చేయాలి?

జవాబు: కరెంటు సంస్థవాళ్లతో బయటి సప్లై తీయించండి. బోర్డులో ఎంసీబీ మీటలు ముట్టుకోకండి, ఏది పైకుందో ఏది కిందికుందో ఫొటో తీయండి. బూడిద ఊడ్చకండి. ప్లగ్గులు సాకెట్లలోనే ఉంచండి. వైర్లు లాగితే పూసలు రాలిపోతాయి.